మూడోసారి వీసా: ఈసారి కాగితాలు 'సర్దుతాం' అంటున్నారు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు కాబట్టి ఆనవాళ్ళు తీసేసి సంగతి మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 23 ఏళ్ళు. నిరుడు కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ అయింది. తండ్రికి కొబ్బరి, జీడి తోటలున్నాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు కొబ్బరి చెట్లు చాలావరకు కూలిపోయాయి. తర్వాత వేసినవి ఇప్పుడిప్పుడే కాపు పట్టాయి. సీజనులో చుట్టుపక్కల ఊళ్ళలో జీడిపిక్కలు బస్తాల లెక్కన కొని పలాసలో అమ్ముతుంటారు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది, వీసాకు కావాల్సిన యూనివర్సిటీ పత్రం ఐ-20 కూడా చేతికొచ్చింది. వీసా మాత్రం మే నెలాఖరులో ఒకసారి, జూలై మొదట్లో ఒకసారి కాదన్నారు. రెండుసార్లూ 214(బి) అని రాసిన కాగితమే ఇచ్చారు.

మొదటిసారి ఖర్చు ఎవరు పెడుతున్నారని అడిగారట. నాన్న అన్నారు. ఆయన ఆదాయం ఎంత అంటే కన్సల్టెన్సీ వాళ్ళు నేర్పినట్టు 14 లక్షలు అన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం తహసీల్దారు దగ్గర తెచ్చుకున్న ధ్రువపత్రంలో ఉన్నది 1,20,000. ఇంట్లో లెక్కవేస్తే మంచి ఏడాదిలో 4 లక్షల దాకా మిగులుతుందట. రెండోసారి సంగతి ఆమె మాటల్లోనే: "నాకన్నా ముందు వెళ్ళిన అబ్బాయిదీ మా కన్సల్టెన్సీయే. ఈ యూనివర్సిటీ ఎందుకు అని అడిగితే వాడు చెప్తున్న జవాబు నాకు వినబడుతోంది. నేను బట్టీ పట్టిందీ అదే. నా వంతు వచ్చేసరికి నోరు ఎండిపోయింది. అయినా అదే చెప్పాను."

ఆగస్టులో మూడో స్లాటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. ఈసారి 'ప్రొఫైల్ మార్చాలట'. తండ్రి అకౌంటులో 28 లక్షలు నెల రోజులు ఉండేలా చూస్తారు, అందుకు 45 వేలు ఇవ్వాలి. ఖాళీగా ఉన్న ఏడాదికి హైదరాబాద్ కంపెనీ పేరుతో ఎనిమిది నెలల అనుభవ పత్రం, పే స్లిప్పులు ఇస్తారు. మార్కుల జాబితాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, మిగతా ఫీజు కడితే గానీ ఇవ్వరట.

డబ్బు సంగతి వేరే చిక్కు. మొదటి ఏడాదికే దాదాపు 31 లక్షలు కావాలి. బంగారంతో సహా ఇంట్లో 8 లక్షలు లేస్తాయి. బ్యాంకువాళ్ళు తోట పూచీగా పెట్టుకోం అన్నారు. శ్రీకాకుళంలో సొంత మేడ ఉన్న మేనమామ అడిగితే హామీ ఇస్తారని అమ్మ నమ్మకం. కానీ అమ్మమ్మ దినాల్లో జరిగిన మాటామాటా తర్వాత నాన్న ఆయన గుమ్మం తొక్కడం లేదు. దాని బదులు తోట రాసిచ్చి నూటికి రెండు రూపాయల వడ్డీకి 15 లక్షలు తెస్తానంటున్నారు. మిగతాది ఆమె అక్కడ పార్ట్‌టైం చేసి సర్దుకోవాలి. రెండుసార్లు రాలేదంటే రాసిపెట్టి లేదు, సంబంధాలు చూద్దామంటోంది అమ్మ. ఊళ్ళో అందరికీ చెప్పేశారు, బరంపురం వెళ్ళి సూట్‌కేసులు కూడా కొనేశారు. "కన్సల్టెన్సీ మాట వినాలా, నాన్నను అప్పు చెయ్యనివ్వాలా, అసలు నేను వెళ్తాననడమే స్వార్థమా?" అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు ముళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వీసా ఒకటి, అప్పు ఒకటి, నాన్నగారికీ మావయ్యకీ మధ్య ఉన్నది ఒకటి. మూడూ కలిపి లాగితే ఏదీ రాదు. తొందర ఉన్నది వీసాకే కాబట్టి అక్కడ మొదలుపెడతాను.

214(బి) అంటే మీ మీద నేరం మోపినట్టు కాదు. అమెరికా వలస చట్టంలో అదొక సెక్షను. స్టూడెంట్ వీసా అడిగే ప్రతివారూ అక్కడే ఉండిపోవాలనుకుంటున్నారని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని అధికారికి నమ్మకం కలిగించే బాధ్యత అడిగేవారిదే. రెండు మూడు నిమిషాల్లో ఆ నమ్మకం కలగకపోతే ఈ సెక్షను కింద కాదంటారు. దీనిమీద అప్పీలు లేదు. కానీ మళ్ళీ అప్లై చేయడానికి అడ్డూ లేదు, కొత్త డీఎస్-160, అంటే వీసా దరఖాస్తు ఫారం, నింపి 185 డాలర్ల ఫీజు మళ్ళీ కడితే చాలు. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం మొదటిసారి కాదన్న రోజు నుంచి ఏడాది లోపు అదే రకం వీసాకు వెళ్తే మళ్ళీ కట్టక్కర్లేదు. మీ కన్సల్టెన్సీ రెండోసారీ ఆ డబ్బు వసూలు చేసిందేమో రసీదులు చూసుకోండి.

తప్పుడు కాగితం పెట్టి దొరికితే వర్తించే సెక్షను వేరే ఉంది, 212(ఎ)(6)(సి). తెలిసి మోసం చేశారని అధికారి రాస్తే ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది. చదువుకే కాదు, రేపు ఉద్యోగం మీద వెళ్ళాలన్నా, పెళ్ళయి భర్త దగ్గరకు వెళ్ళాలన్నా, యాభయ్యో ఏట పిల్లల్ని చూడ్డానికి వెళ్ళాలన్నా అడ్డొస్తుంది. మినహాయింపు అడగొచ్చు గానీ ఇస్తారన్న భరోసా లేదు. ఇప్పటిదాకా మీకు పడింది మొదటి సెక్షను. కన్సల్టెన్సీ మిమ్మల్ని 45 వేలు పుచ్చుకుని మరీ రెండోదాని దగ్గరకు తీసుకెళ్తోంది. మీరు ఇరుక్కున్నా వాళ్ళ బోర్డు అక్కడే ఉంటుంది, వచ్చే ఏడాది మరో బ్యాచ్ వస్తుంది. సంతకం మాత్రం మీది. డీఎస్-160 చివర, దీన్ని నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఒక ప్రశ్న ఉంటుంది. మీ ఫారంలో దానికి ఏం జవాబు పెట్టారో తెలుసా? తెలియదనే నా అనుమానం.

'మా ఫ్రెండ్‌కి ఇలాగే వచ్చింది' అని రాశారు. వచ్చే ఉంటుంది, కాదనను. కానీ ఆ కాగితం వీసాతో పని తీరిపోయి చెత్తబుట్టలోకి పోయేది కాదు. విమానం దిగిన చోట అడగొచ్చు, రెన్యువల్‌లో అడగొచ్చు, నాలుగేళ్ళ తర్వాత వర్క్ వీసా ఫైలులో పాత డీఎస్-160 పక్కన పెట్టి చూడొచ్చు. పని చేయని కంపెనీలో మేనేజరు పేరేమిటంటే ఏం చెప్తారు?

నిజానికి మీకు ఆ అనుభవ పత్రం అవసరమే లేదు. బీటెక్ తర్వాత ఏడాది ఖాళీ తప్పేమీ కాదు. ఈ ఏడాది నాన్నగారి జీడిపిక్కల లెక్కలు మీరే రాశారట. ఏ ఊళ్ళో ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు, 80 కిలోల బస్తాకు ఏ వారం ఏ ధర పలికింది, అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టారని ఉత్తరంలో ఎక్కడో మూల ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మీరు చదవాలనుకుంటున్నది డేటా సైన్స్. కన్సల్టెన్సీ రాసిచ్చిన ర్యాంకింగుల కన్నా ఆ షీట్ గురించి మీరు మాట్లాడే రెండు ముక్కలే వినబుద్ధవుతాయి. ఎందుకంటే దానిమీద ఎదురు ప్రశ్న వేస్తే మీ దగ్గర జవాబుంటుంది.

ఆదాయం దగ్గర మాత్రం మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. 1,20,000 నిజం కాదు, 14 లక్షలు అసలే కాదు. ధ్రువపత్రం కోసం తగ్గించి రాయించుకోవడం మన దగ్గర మామూలైపోయింది, ఆ చర్చ ఇప్పుడు వద్దు. కానీ కౌంటరు దగ్గర 14 లక్షలని చెప్పింది మీ నోరే. దాన్ని మళ్ళీ చెప్పకండి, ఆ లెక్కకు పెట్టిన సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) సర్టిఫికెట్ మళ్ళీ పెట్టకండి. రేపు అడిగితే అసలు లెక్క చెప్పి, ముందు తప్పుగా చెప్పానని ఒప్పుకోవడమే దారి. దాని పర్యవసానం ఏమిటన్న భయం ఉంటే మూడో అప్లికేషనుకు ముందు అమెరికా వలస చట్టం ప్రాక్టీసు చేసే లాయరుతో ఒక గంట మాట్లాడండి. 45 వేలలో కొంత అక్కడ పెట్టడం నయం.

ఇక అప్పు. బ్యాంకు మేనేజరు తోట వద్దన్నాడని నాన్నగారు చిన్నబుచ్చుకున్నారని రాశారు. అది ఆయన్ని తక్కువ చేసి అన్న మాట కాదు. బకాయి పడితే కోర్టుకు వెళ్ళకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. వ్యవసాయ భూమిని ఆ చట్టం నుంచే మినహాయించారు, రైతు మేలు కోరే. అందుకే చదువుల అప్పుకు ఇల్లో, ఇంటి స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతారు గానీ పొలం, తోట అంటే వెనకాడతారు. ఈ ముక్క నాన్నగారికి ఒకసారి నెమ్మదిగా చెప్పండి, మనసు కుదుటపడుతుంది.

రెండు రూపాయల వడ్డీ అంటే 15 లక్షలకు నెలకు 30 వేలు. ఏడాదికి 3,60,000. ఇంట్లో మంచి ఏడాది మిగిలేది 4 లక్షలని మీరే రాశారు. అంటే తోట మీద వచ్చేదంతా వడ్డీకే. తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు, ఇంటి ఖర్చు, ఇంకో తుపాను వస్తే దాని సంగతి, ఏదీ ఇందులో లేదు. రెండేళ్ళ కోర్సు అయ్యేసరికి వడ్డీయే 7,20,000, అసలు అలాగే ఉంటుంది. పార్ట్‌టైం చేసి సర్దుతానన్న మాట పక్కన పెట్టండి. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే. మొదటి విద్యా సంవత్సరంలో బయట పని చేయకూడదు. క్యాంపస్‌లో పని దొరికితే బియ్యం, కూరగాయలు గడుస్తాయి, యూనివర్సిటీ ఫీజు కట్టలేరు. ఈ అప్పు మీద వెళ్ళకండి అని నేను నేరుగా చెప్పే మాట ఇదొక్కటే. మిగతావన్నీ మీరు తూచుకోవాల్సినవి.

బ్యాంకు అప్పు కూడా పూలదండేమీ కాదు. రెండేళ్ళలో విడతలుగా 30 లక్షలు 10.5 శాతానికి తీసుకున్నారనుకోండి. చాలా బ్యాంకుల్లో కోర్సు కాలం, ఆ పైన ఏడాది వరకు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ పడుతూనే ఉంటుంది. కట్టడం మొదలయ్యే నాటికి బాకీ 38 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. పదేళ్ళకు పెట్టుకుంటే నెలకు 51 వేల పైచిలుకు కిస్తీ. అమెరికాలో ఉద్యోగం దొరికితే ఇది పెద్ద లెక్క కాదు. చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఏడాది, మీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కిందకు వస్తే మరో రెండేళ్ళు పని చేయొచ్చు. ఆ తర్వాతి హెచ్-1బి వర్క్ వీసా కోటా ఏటా 85,000, అడిగేవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువ. అందుకని లెక్క వేసేటప్పుడు అక్కడి జీతం వేసుకోకండి. ఒకవేళ తిరిగొచ్చి విశాఖలోనో హైదరాబాద్‌లోనో చేరితే, ఆ మొదటి జీతంలో 51 వేలు పోగా ఏం మిగులుతుందో వేసుకోండి. ఇబ్బందిగానైనా గడుస్తుందనిపిస్తే వెళ్ళే ధైర్యం చేయొచ్చు.

దీంతో కథ మావయ్య దగ్గరకు వచ్చింది. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి పూచీ అడుగుతాయి, మీ ఇంట్లో దానికి పనికొచ్చే ఆస్తి ఆయన మేడే. ఒప్పుకుంటే ఆయన చేయాల్సిందేమిటో ముందు మీకు తెలియాలి. ఇంటి ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టాలి. అప్పు తీరేదాకా ఆ ఇల్లు అమ్ముకోలేరు. హామీదారుగా సంతకం పెట్టాలి, మీరు కట్టకపోతే ఆయన సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది. పన్నెండు పదమూడేళ్ళ మాట ఇది. చిన్న సాయం కాదు. అందుకే అమ్మ అనుకున్నట్టు 'అడిగితే కాదనడు' అన్న నమ్మకం మీద వెళ్ళకూడదు. ముఖ్యంగా అత్తయ్యను తప్పించి మావయ్య ఒక్కరితో మాట్లాడకండి. రేపు ఆమె పిల్లల పెళ్ళికి ఆ ఇల్లు అమ్మాల్సి వస్తే ఏం చేస్తారన్న ప్రశ్న ఆమెకు తప్పక వస్తుంది, రావాలి కూడా. జవాబు పట్టుకునే వెళ్ళండి: ఉద్యోగం వచ్చిన మొదటి రెండేళ్ళలో ఎంత తీరుస్తారు, ఆమెకు అవసరం పడితే పూచీ మార్చడానికి ఏం చేస్తారు.

మరి నాన్నగారు? దినాల్లో పడ్డ మాట ఎవరిదో మీరు రాయలేదు, నేను అడగను. ఆయన పౌరుషాన్ని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. బావమరిది ముందు చేయి చాచడం మన వైపు మగవాళ్ళకు ఎంత కష్టమో తెలిసిందే. కానీ అడగాల్సింది ఆయనే అని ఎందుకనుకుంటున్నారు? అప్పు మీ పేరు మీద. తీర్చేది మీరు. మేనకోడలిగా మీరు వెళ్ళి అడగొచ్చు, నాన్నగారికి చెప్పి మరీ. 'నువ్వు రావద్దు నాన్నా, నేను అడుగుతాను. వద్దంటే అక్కడితో వదిలేస్తాను' అనండి. చాటుగా మాత్రం వెళ్ళకండి. కో-అప్లికెంట్‌గా నాన్నగారు ఎలాగూ బ్యాంకులో సంతకం పెట్టాలి, మావయ్య పక్క కుర్చీలో కూర్చుని పెట్టాల్సి రావచ్చు. ఆ సంగతి ఆయనకు ముందే తెలిసి ఉండాలి. మావయ్య వద్దంటే? పూచీ లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలున్నాయి, వడ్డీ బ్యాంకు కన్నా ఎక్కువ, రెండు రూపాయల కన్నా తక్కువ. యూనివర్సిటీని, కోర్సును చూసి ఇస్తారు. వాళ్ళు ఒప్పుకోకపోతే అదీ మీకొక సమాచారమే: ఈ కోర్సుకు పెట్టిన డబ్బు తిరిగొస్తుందని వాళ్ళకు అనిపించలేదన్నమాట.

ఇప్పుడు దారులు చూద్దాం. ఆగస్టు స్లాటుకు పరుగెత్తడం ఒకటి. మే నుంచి ఇప్పటికి మీ పరిస్థితిలో మారింది ఏమీ లేదు, మార్చింది కాగితాలు మాత్రమే అవుతుంది. నిజం కాగితాలతో వెళ్ళినా ఫలితం అదే వచ్చే అవకాశమే ఎక్కువ.

రెండోది, వాయిదా. అడ్మిషన్ జనవరికో వచ్చే ఆగస్టుకో మార్చమని యూనివర్సిటీని అడగడం. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని మళ్ళీ అప్లై చేయమంటాయి. కట్టిన డిపాజిట్ సంగతి కూడా అదే మెయిల్‌లో అడగండి. ఈలోగా బ్యాంకు శాంక్షన్ లెటర్ తెచ్చుకుంటే, ఖర్చు ఎవరు పెడుతున్నారన్న ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో తేలిపోతుంది: చదువు అప్పు ఇంత, ఇంటి పొదుపు ఇంత. అకౌంటులో నెల రోజుల డబ్బు చూపించాల్సిన అవసరమే రాదు. ఈసారి ఫారం మీరే నింపండి. ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థులు వాటిని పబ్లిక్‌లో కూడా పెట్టాలి. ఇంతకుముందు వీసా కాదన్నారా అన్న చోట అవునని రాయండి, వాళ్ళ కంప్యూటర్‌లో అది ఎలాగూ ఉంటుంది. ఇంతా చేసి మూడోసారీ రాకపోవచ్చు, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.

మూడోది, ఏడాది రెండేళ్ళు ఉద్యోగం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చిన్న జీతానికైనా చేరితే నిజమైన అనుభవ పత్రమే చేతిలో ఉంటుంది, కొంత డబ్బు మిగులుతుంది. ఇబ్బందేమిటంటే ఆ రెండేళ్ళలో ఇంట్లో సంబంధాల మాట ఆగదు. దానికి మీరు నిలబడగలరా అన్నది మీకే తెలియాలి.

జర్మనీ గురించి ఒక్క వాక్యంలో అడిగారు. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ మన సర్టిఫికెట్లకు ముందు ఏపీఎస్ అనే జర్మనీవాళ్ళ పరిశీలన చేయించుకోవాలి, బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు, అంటే సుమారు 12 లక్షలు వేయాలి. ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున మీకే తిరిగొస్తుంది. మీ 8 లక్షలకు చిన్న అప్పు తోడైతే అందే లెక్క ఇది. ఇంగ్లీషులో కోర్సులున్నా ఉద్యోగానికి జర్మన్ రావాలి, అది ఏడాది గట్టిగా కూర్చుంటే గానీ పట్టుబడదు. ఇక్కడే గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్కాలర్‌షిప్ ఉంది. మీరు ఆ మాటే ఎత్తలేదు, మనసు లేదని అర్థమైంది.

స్వార్థమా అని అడిగారు. ఇంటి మీద వడ్డీ బరువు పెట్టి వెళ్తే ఆ మాట మీ మనసే రోజూ అంటుంది. మీ పేరున, మీరు తీర్చగల అప్పుతో వెళ్తే అందులో స్వార్థం ఏముంది? అమ్మగారికి కూడా ఇదే చెప్పండి. రాసిపెట్టి లేదని కాదు, బట్టీ పట్టిన జవాబు వల్ల రాలేదని. సంబంధాల సంగతికి ఒక గడువు పెట్టుకోండి, వచ్చే ఏడాది జూన్ అనుకోండి, అందాకా ఆ ప్రస్తావన వద్దని ఆమె చేత ఒప్పించండి. ఊళ్ళోవాళ్ళకు 'జనవరికి మార్చుకున్నాను' అంటే సరిపోతుంది. వాయిదా దొరికితే అది అబద్ధం కూడా కాదు.

ఈ వారం చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, యూనివర్సిటీకి వాయిదా మెయిల్. ఐ-20లో కోర్సు మొదలయ్యే తేదీ దాటితే అడగడం కష్టమవుతుంది. రెండు, ఒరిజినల్స్. మీ సర్టిఫికెట్లు ఆపి ఉంచే హక్కు కన్సల్టెన్సీకి లేదు. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తేదీ వేసి అడగండి, ఫలానా రోజులోగా ఇవ్వమని. నోటిమాట వద్దు. ఇవ్వకపోతే 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ఆ పైన పోలీస్ స్టేషన్ ఉంది. ఆ మెసేజ్‌లోనే మీ రెండు డీఎస్-160ల అప్లికేషన్ నంబర్లు, సెక్యూరిటీ ప్రశ్నకు వాళ్ళు పెట్టిన జవాబు కూడా అడిగి తీసుకోండి. అవి ఉంటేనే మీ పేరు మీద ఏం రాశారో తెరిచి చూసుకోగలుగుతారు. లాయరు దగ్గరకు వెళ్ళినా ఆయన మొదట అడిగేవి అవే.